ఏ పనీ లేని నడక

నేను జీవితమంతా దేవుడితో పేచీ పెట్టుకుని బతికినవాణ్ణి. ఆ పేచీలో కొన్ని సభల్లో గెలిచాననుకున్నాను, కొన్నింట్లో రాళ్ళ దెబ్బలు తిన్నాను. ఒకే ఒక్కసారి మాత్రం, నా పక్షాన మాట్లాడుతుందని గట్టిగా నమ్మి తెచ్చుకున్న సాక్షి నాకే ఎదురు తిరిగింది. ఆ సాక్షి మనిషి కాదు, గాజు గొట్టంలోని ఆకుపచ్చ రంగు.

ఇవాళ రక్తపరీక్ష గదుల్లో పనిచేస్తున్న పిల్లలకు ఈ ముక్క అర్థం కాకపోవచ్చు. మీరు రక్తం చుక్క యంత్రం నోట్లో పోస్తే అది అంకె ఉమ్ముతుంది. మా రోజుల్లో, అరవయ్యో దశకం మొదట్లో, కొలెస్ట్రాల్ చూడటమంటే సగం రసాయనం, సగం కన్ను. రక్తం మీది తేటను తీసి, అందులోంచి కొవ్వును వేరుచేసి, ఘాటైన ఆమ్లాలు కలిపి, వెలుతురు తగలకుండా మూసిపెట్టేవాళ్ళం. కాసేపటికి ఆకుపచ్చ రంగు తేలేది. కొవ్వు ఎక్కువుంటే చిక్కగా, తక్కువుంటే పలచగా. దాన్ని కొలత తెలిసిన మరో రంగు పక్కన పెట్టి, కంటితో పోల్చి అంకె రాసేవాళ్ళం. లోపల నీటి తేమ తగిలితే రంగు చెడిపోయేది. బందరు గాలి సంగతి తెలిసిందే కదా, మూత తీసిన ఉప్పు గంటలో చెమ్మగిల్లే ఊరు. సీసాల మూతలకు మైనం పూసుకుని ఆ గాలితో యుద్ధం చేసేవాణ్ణి.

నేను అప్పుడు బందరు ఆసుపత్రి రక్తపరీక్ష గదిలో ఉద్యోగిని. మాది గుడివాడ వైపు. ఆదివారం వస్తే గుడివాడలోనో, పెదపారుపూడిలోనో ఏదో ఒక అరుగెక్కి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం దంచేవాణ్ణి. సోమవారానికి గొంతు బొంగురుపోయేది. ఆసుపత్రికి వచ్చే జనం మాత్రం నన్ను ఉపన్యాసకుడిగా ఎరగరు. వాళ్ళకు నేను ‘రక్తం బాబుగారు’.

ఆ రోజుల్లో రక్తపోటు ఉందని తేలితే మనిషిని గాజుబొమ్మను చేసేవారు. కదలొద్దు, మెట్లెక్కొద్దు, నవ్వినా నెమ్మదిగా నవ్వు. మా పెద్ద డాక్టరుగారి సిద్ధాంతం అదే. ఆయన మూర్ఖుడేమీ కాదు. రక్తపోటుతో ఉన్నట్టుండి కుప్పకూలిన మనుషుల్ని మందుల్లేని కాలంలో కళ్ళారా చూసినవాడు. ఆ భయం ఆయన చేతుల్లో ఉండిపోయింది. రోగి లేచి నిలబడితే పట్టుకోవడానికన్నట్టు ఆయన చేయి దానంతట అదే ముందుకు వెళ్ళేది.

అలాంటి చోటికి ఒక కుర్ర డాక్టరమ్మ బదిలీ మీద వచ్చింది. దివిసీమ పిల్ల. చిన్నప్పుడు కరకట్ట మీద రేవుదాకా నడిచి, పడవ దాటి, అవతల మళ్ళీ నడిచి చదువుకున్నానని చెప్పేది. రక్తపోటు రోగుల్ని మంచానికి కట్టేయడం తప్పేమోననీ, మందు వేసుకుంటూనే రోజూ ఊపిరి కాస్త వేగంగా ఆడేలా నడిస్తే పోటూ, రక్తంలో కొవ్వూ రెండూ తగ్గవచ్చేమోననీ కొత్తగా కొందరు అంటున్నారని ఆవిడ చదివింది. “అంటున్నారు” అనే చెప్పేది, “తగ్గుతాయి” అని చెప్పేది కాదు. ఆ తేడా పాటించినందుకే నాకు ఆవిడంటే గౌరవం.

ఆవిడ చేతికి మొదట చిక్కిన మనిషి పెడన నేతగాడు.

యాభై దాటిన మనిషి. ఏడాదికి పైగా మంచాన ఉన్నాడు. సర్పగంధ వేరు నుంచి తీసిన మాత్రలు వేసుకుంటున్నాడు. మాత్ర పోటును తగ్గించింది కానీ మనిషిని కూడా తగ్గించింది. ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉండేది. మాట పడిపోయినవాడిలా గోడకేసి చూసేవాడు. ఆయన భార్య రైల్లో కూర్చోబెట్టి తీసుకొచ్చింది. ఏం అడిగినా ఆవిడే జవాబు చెప్పింది.

“తిండి తింటున్నాడా?”

“పెడితే తింటాడండి. పెట్టకపోతే అడగడండి.”

“దేనికి దిగులు?”

ఆవిడ భర్త వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. “పడుగు నడవలేకపోతున్నానని దిగులండి.”

నేత ఎరగనివాళ్ళకు ఇది చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా చాచి కడతారు. అదే పడుగు. దానికి గంజి పట్టించి, ఎండ ముదరకముందే, రెండు పక్కలా మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికీ, ఈ చివరి నుంచి ఆ చివరికీ నడుస్తూనే ఉండాలి. ఒక ఇంటి మనుషులు చాలరు. ఇవాళ నీ పడుగుకు నేను నడుస్తాను, రేపు నా పడుగుకు నువ్వు నడవాలి. వీధంతా కలిసి బతికే పద్ధతి అది. ఈయన మంచాన పడ్డాక కూడా వీధివాళ్ళు ఈయన పడుగు నడిచి పెడుతూనే ఉన్నారు. తిరిగి ఎవరి పడుగుకూ ఈయన నడవలేదు. వాకిట్లో మంచం మీద పడుకుని, తన దారాల పక్కన ఇతరుల కాళ్ళు తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయాడు. జబ్బుకంటే అది ఎక్కువగా తినేసింది ఆయన్ని.

డాక్టరమ్మ ఆయన మంచం మీదకు వంగి అడిగింది. “మళ్ళీ పడుగు నడవాలనుందా?”

ఆయన తల తిప్పాడు. ఆ ఆసుపత్రిలో ఆయన కళ్ళు కదలడం నేను చూడటం అదే మొదలు.

“అయితే ముందు మామూలుగా నడవండి. పొద్దున్నే, ఊపిరి కాస్త వేగంగా ఆడేలాగా. మొదట కొంచెం, తర్వాత ఎక్కువ. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా ఆగిపోవాలి.”

ఆయన మూసుకుపోయిన ముక్కుతో అడిగాడు. “ఏ పని మీదండి?”

“పనేం లేదు. ఊరికే.”

“ఊరికే ఎవరన్నా నడుస్తారాండి?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి తెలిసి మండిపడ్డారు. గదిలో ఇద్దరికీ వాదన. తలుపు పలచన కావడం వల్ల మాకూ వాటా దక్కింది. “రోడ్డు మీద పడిపోతే సమాధానం ఎవరు చెబుతారమ్మా?” “మంచం మీద పోతే ఎవరు చెబుతున్నారు సార్?” చివరికి ఆయనే ఒక షరతు పెట్టారు. “మూడు నెలలు. తర్వాత పోటు చూస్తాను, కొలెస్ట్రాల్ చూస్తాను. నీ నడకకు అంత మహత్తు ఉంటే కొవ్వు తగ్గి కనిపించాలి. తగ్గలేదా, మనిషి మళ్ళీ మంచం మీదకు, నడకకు స్వస్తి.”

డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆ నేతగాడు మళ్ళీ తన వీధిలో మనిషిగా తిరగడమా, వాకిట్లో మంచంలా మిగిలిపోవడమా అనేది నా గాజు గొట్టం మీదికి వచ్చిపడింది. మొదటి పరీక్షలో రంగు బాగా చిక్కగా తేలింది.

మధ్యలో ఒకసారి పరగడుపు రక్తం కావాల్సి వచ్చింది. అంత పొద్దున్నే ఆయన్ని బందరు రమ్మనడం ఎందుకని, డాక్టరమ్మ నన్నే పెడన పంపింది. ఆ ఉదయం నేను చూసిన దృశ్యం ఇంతవరకూ మర్చిపోలేదు.

కాలవ గట్టు మీద ఒక ఊరేగింపు వస్తోంది. ముందు మా నేతగాడు, మెడలో తువ్వాలు, చొక్కా చెమటకు తడిసింది. ఆయన వెనక కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, పొట్ట ఊపుకుంటూ, రొప్పుతూ రైసుమిల్లు గుమాస్తా. ఆ వెనక కలంకారీ అద్దకం పనివాళ్ళు ఇద్దరు, రంగు మరకల చేతుల్లో పసుపు కుంకుమలతో. పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు. అందరికంటే వెనక, మందతో సంబంధం లేనట్టు దూరంగా, చేతిలో మజ్జిగ చెంబుతో ఆయన భార్య.

“ఏమిటిది?” అన్నాను గుమాస్తాతో.

“మొక్కండి. ఊరి చివర అమ్మవారి గుడిదాకా పోయి రావాలి, ఎక్కడా ఆగకూడదు. మా బావకి జబ్బు సగం తీసేసింది అమ్మవారు. నాక్కూడా ఆయాసమండి, చూద్దామని.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నేతగాణ్ణి పక్కకు లాగాను.

“మొక్కేంటి? డాక్టరమ్మ నడవమంటే అమ్మవారి పేరు పెడతారా?”

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ముక్కు మూసుకుపోవడం తగ్గింది, గొంతు బాగానే పలుకుతోంది.

“మరేం చెయ్యమంటారండి? మొదటి రోజు గట్టు మీదికి వెళ్ళాను. ‘ఎక్కడికి బావా’ అన్నారు. ‘ఊరికే’ అంటే నవ్వారండి. మంచాన పడి మతి పోయిందన్నారు. రెండో రోజు సంచి పట్టుకుని కొట్టుకి వెళ్తున్నానన్నాను. సంచి ఖాళీగా తెచ్చుకుంటే బాగోదని ఉల్లిపాయలు కొన్నాను. అట్టా ఇల్లంతా ఉల్లిపాయలైపోయినాయి. మా ఆవిడ పోట్లాడింది. గొడుగు పట్టుకుని చుట్టం ఇంటికి అన్నాను. ‘ఏ చుట్టం, ఎవరికేమైంది’ అని ఊరంతా పరామర్శకి తయారయ్యారండి. చివరికి మొక్కు అన్నాను. అంతే. ఇంక ఎవరూ ఏం అడగలా. దణ్ణం పెట్టి దారిచ్చారు.”

“అబద్ధం కదా!”

“అబద్ధమేనండి. కానీ ఊరికే నడవడానికి మా ఊళ్ళో దారి లేదండి.”

నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. పని లేకుండా ఒంటిని కదిలించడం అన్న ఊహే లేని మనుషులు వాళ్ళు. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళాడించేవాడికి నడక అంటే ఎక్కడికో చేరడానికి. చేరేచోటు లేని నడకకు వాళ్ళకు తెలిసిన పేరు ఒక్కటే, దైవకార్యం. మనిషికి తన ఒంటి మేలు కోసం నాలుగడుగులు వేసే హక్కు కూడా దేవుడి అనుమతి మీదే దొరకాలా? అక్కడే గట్టు మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాలనిపించింది. కానీ పరగడుపున ఉన్న మనిషి, నా చేతిలో సూది.

రక్తం తీస్తుండగా ఆయన భార్యను అడిగాను. “మీకైనా ఆ అమ్మవారి మీద నమ్మకం ఉందా?”

“నాకు అమ్మవారి సంగతీ తెలీదు, మీ సీసా సంగతీ తెలీదండి. ఆయన ముందు నడుస్తా ఉంటే వెనకనుంచి ఆయన వీపు కనపడతా ఉంటది. ఏడాది నించీ పడుకున్న మనిషి మొహమే చూశాను. వీపు చూసి ఎన్నాళ్ళయిందో. అందుకే పోతన్నాను. పడిపోతే పట్టుకుందామని కూడా.”

నేను సూది తీసి దూది అదిమాను.

బందరు చేరి డాక్టరమ్మతో పేచీ పెట్టుకున్నాను. “మీ వైద్యం కాస్తా అమ్మవారి ఖాతాలోకి పోతోంది. పెడనలో సభ పెట్టి ఈ గుట్టు విప్పుతాను.”

ఆవిడ స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. “ఎంతమంది నడుస్తున్నారు?”

“చాలామందే ఉన్నారు.”

“ఆ గుమాస్తాను నడవమని నేను చెబితే నడిచేవాడా? మీరు చెబితే?”

“అందుకని అబద్ధాన్ని కాపాడాలా? ఇవాళ నడకకు మహిమ అంటగడతారు. రేపు మాత్ర మానేసి మొక్కు చాలంటారు. అప్పుడు చచ్చేది మీ గుమాస్తానే.”

“ఆ మాట నిజం,” అంది ఆవిడ. “కానీ మూడు నెలలు గడవనివ్వండి. ఇప్పుడు విప్పితే ఆయన సిగ్గుతో ఇంట్లో కూర్చుంటాడు. పరీక్ష అయ్యాక మీ ఇష్టం.”

సరేనన్నాను. లోపల నాకొక దురాశ ఉంది. చివరి పరీక్షలో రంగు పలచబడుతుంది. ఆ గొట్టాన్ని పెడన వీధిలో ఎత్తి చూపిస్తాను, ఇదిగో మీ అమ్మవారు, ఈ ఆకుపచ్చ రంగు, అని. ఒక్క దెబ్బకు పెద్ద డాక్టరుగారి మంచమూ, అమ్మవారి కొబ్బరికాయా రెండూ ఎగిరిపోవాలి. ఉపన్యాసం ముందే రాసి జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు వచ్చింది. రక్తం తీశాను. ఎప్పటికంటే జాగ్రత్తగా తేట తీశాను, ఊపిరి బిగబట్టి ఆమ్లం పోశాను. మూత తీసి చూశాను.

రంగు చిక్కగానే ఉంది.

తేమ తగిలిందేమోనని మళ్ళీ చేశాను. సీసా పాతదేమోనని కొత్త సీసా విప్పి మళ్ళీ చేశాను. మొదటి రోజు రంగుకూ దీనికీ ఉన్న తేడా నా కంటికి అందేంత లేదు. కన్ను అనేది మహా మొహమాటస్థురాలు. నేను అటు మొగ్గితే అటే మొగ్గుతుంది. కాస్త పలచన అనుకుంటే పలచగానే కనిపించింది. రంగులు పోల్చే పరికరం మరను వెంట్రుకవాసి తిప్పితే చాలు, నేతగాడు పడుగు దగ్గరికి, డాక్టరమ్మ మాట నెగ్గి, నేను పెడన వీధికి. పక్కనే మా సహోద్యోగి ఉన్నాడు, నాకంటే పెద్దవాడు, రోజూ విభూతి పెట్టుకునే మనిషి. నా తంటాలు చూసి, కన్ను పెట్టి చూశాడు. “తగ్గలేదు గురూ,” అన్నాడు జాలిగా. “పోనీ కొంచెం తగ్గించి రాస్తే? పాపం ఆ మనిషి.”

“విభూతి పెట్టుకునే నువ్వు ఆ మాట అనొచ్చు. నేను రాయలేను,” అన్నాను. అనవసరంగా కరిచాను. ఆయన మంచితనం కొద్దీ అన్నాడు. ఊరి అబద్ధాన్ని కడిగిపారేయడానికి సిద్ధమైనవాణ్ణి, నా అబద్ధంతో ఆ పని మొదలుపెట్టలేను కదా. ఉన్నదున్నట్టు రాసి తీసుకెళ్ళాను.

పెద్ద డాక్టరుగారి గదిలో డాక్టరమ్మ, నేతగాడు, ఆయన భార్య నిలబడి ఉన్నారు. నేను అంకె చదివాను. డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా “ఇంకోసారి చేశారా?” అని అడగలేదు. చేసే ఉంటానని ఆవిడకు తెలుసు.

“చూశావా అమ్మా,” అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు, నిజం చెప్పాలి. “నడకతో కొవ్వు తగ్గలేదు.”

నేతగాడు చేతులు కట్టుకుని నా వైపు తిరిగాడు. “బాబుగారూ, నిజంగా తగ్గలేదాండి?”

“తగ్గలేదండి. మళ్ళీ మళ్ళీ చూశాను.”

ఆయన తలాడించాడు. పెద్ద డాక్టరుగారి వైపు తిరిగాడు. “అయ్యా, ఒక మాట అడగొచ్చాండి? ఏడాది మంచం మీద ఉన్నాను కదండి, అప్పుడు తగ్గిందాండి ఆ కొవ్వు?”

“అప్పుడు చూడలేదు. కానీ నడక మొదలెట్టకముందు ఎక్కువే ఉందిగా. తగ్గలేదనే చెప్పాలి.”

“నడిస్తే?”

“తగ్గలేదని ఇప్పుడేగా చెప్పాడు.”

“మరి పడుకున్నా తగ్గక, నడిచినా తగ్గనప్పుడు, నడుస్తానే తగ్గకుండా ఉంటానండి. పడుకుని తగ్గకుండా ఉండేదేంటండి, దండగ.”

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. పెద్ద డాక్టరుగారు ఆ మనిషిని కింది నుంచి పైదాకా చూశారు. మూడు నెలల కింద ఆయన మోయించుకుని ఎక్కిన మెట్లు ఇవాళ సొంత కాళ్ళ మీద ఎక్కి వచ్చాడు, రొప్పు లేదు. ఆయన్ని కూర్చోబెట్టి, పోటు చూసే పట్టీ చేతికి చుట్టి, తానే గాలి కొట్టి పోటు చూశారు. విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ చూశారు.

“మాత్ర ఎంత వేస్తున్నావమ్మా?”

“సగానికి తగ్గించాను సార్.”

“సగం మాత్రతో ఇంత దిగిందా?” ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “కొలెస్ట్రాల్ అని నేనే షరతు పెట్టాను. షరతులో నువ్వు ఓడావు. కానీ పోటు దిగింది, మనిషి నా ఎదురుగా నిలబడి నాతో వాదిస్తున్నాడు.” నేతగాడితో అన్నారు. “మగ్గం గుంట సంగతి తర్వాత చూద్దాం. పడుగు నడుచుకో. మాత్ర మానావంటే మాత్రం మంచానికి తాళ్ళతో కట్టిస్తాను.”

నేతగాడు లేచి నిలబడినప్పుడు అలవాటు కొద్దీ డాక్టరుగారి చేయి ముందుకు వెళ్ళింది. పట్టుకోవాల్సిన పని పడలేదు. ఆ చేత్తోనే భుజం తట్టి పంపారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో రక్తనాళాలకు కీడు చేసే రకమూ, మేలు చేసే రకమూ ఉన్నాయని చదివాను. నడక మొత్తం అంకెను పెద్దగా మార్చకుండానే మేలు చేసే రకాన్ని కొంత పెంచవచ్చట. మా ఆకుపచ్చ రంగు ఆ రెండింటినీ కలిపి ఒకే ముద్దగా చూపించేది. నేతగాడి రక్తంలో అదే జరిగిందా? తెలియదు. జరిగిందని ఇప్పుడు చెబితే అది నాకు నేను కట్టుకునే తాయెత్తు అవుతుంది. ఆ రోజు నేను చూసింది తగ్గని రంగునే. మీ యంత్రం మీకు నచ్చని అంకె ఇచ్చిన రోజున, పిల్లలూ, దాన్ని మొదట చదవండి. వాదన తర్వాత.

నేతగాడు మొదటిసారి తిరిగి పడుగు నడిచే రోజున నన్నూ పిలిచాడు. పొద్దుటి రైలుకు వెళ్ళాను. ఉపన్యాసం జేబులోనే ఉంది. గొట్టం నాకు సాక్ష్యం ఇవ్వకపోయినా, మొక్కు అబద్ధమన్నది అబద్ధం కాదు కదా.

వీధి పొడవునా తెల్లటి పడుగు చాచి ఉంది. గంజి వాసన. అది ఆయన పడుగు కాదు, ఎదురింటివాళ్ళది. అదే ముందు నడవాలని పట్టుబట్టాడట. కుంచె చేతికి తీసుకుని ఒక పక్క నిలబడ్డాడు. అవతలి పక్క ఆయన భార్య. ఇద్దరూ దువ్వుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళారు. మళ్ళీ ఈ చివరికి వచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం “ఆ మూల తడి ఆరిపోతంది, గబగబా రా బావా,” అని గదమాయించింది. ఏడాది తర్వాత ఆయన్ని వీధివాళ్ళు గదమాయించడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన మొహం వెలిగిపోయింది.

పని అయ్యాక అందరూ అరుగుల మీద చేరారు. గుమాస్తా దణ్ణం పెడుతూ అన్నాడు. “అమ్మవారు చల్లగా చూసింది బావా. మొక్కు తీరిపోయినట్టే.”

నా చేయి జేబులోకి వెళ్ళింది. లేవబోతుంటే నేతగాడు నన్ను చేత్తో ఆపాడు.

“అమ్మవారికి నేనేం మొక్కుకోలేదు,” అన్నాడు.

దణ్ణం పెట్టిన గుమాస్తా చేతులు కిందికి దిగాయి.

“డాక్టరమ్మ నడవమంది. ఊరికే నడవమంది. ఆ మాట చెప్పుకోడానికి సిగ్గేసి మొక్కన్నాను. మీరంతా వెనక తయారయ్యేసరికి ఇంక చెప్పలేకపోయాను.”

“మరి నేను కొట్టిన కొబ్బరికాయల సంగతేంటి?” అన్నాడు గుమాస్తా.

“పచ్చడి చేసుకు తిన్నావుగా,” అంది గదమాయించినావిడ. కొందరు నవ్వారు, అందరూ నవ్వలేదు. ఒక ముసలావిడ లేచి, “అమ్మవారి పేరు పెట్టి ఆడతావా, నీ నోరు పడిపోను,” అని శాపనార్థాలు పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వెంట మరికొందరు లేచారు.

గుమాస్తాకు కోపం వచ్చింది. “ఇన్నాళ్ళూ కడుపులో దాచి ఇప్పుడెందుకు చెప్తన్నావు? నీ జబ్బు తగ్గిందనా?”

నేతగాడు నన్ను చూపించాడు. “ఈయన వల్ల. ఈ రక్తం బాబుగారికి నేను నడవాలనే ఉంది. ఆ సీసాలో రంగు తగ్గిందని ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఆయనా నెగ్గేవాడు, నేనూ నెగ్గేవాణ్ణి. అయినా నా మొహాన్నే చెప్పాడు, తగ్గలేదని. అంత మాట నేను విన్నాక, మీ మొహాన ఇంకా మొక్కని ఎట్టా చెప్పను?”

ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. అందులో మూడు పేజీలలో నేను చెప్పదలచుకున్నది ఆయన కుంచె పట్టుకుని చెప్పేశాడు. నాకు మిగిలిన పని ఒక్కటే. “మందు వేసుకునేవాళ్ళు మందు మానొద్దు. ఆయాసం ఉన్నవాళ్ళు ముందు డాక్టరమ్మకు చూపించుకోండి,” అన్నాను. అంతకంటే చిన్న ఉపన్యాసం నా జీవితంలో ఇవ్వలేదు.

ఆ పూట ఆయన భార్య భోజనం చేయకుండా వెళ్ళనివ్వలేదు, తర్వాత రైలు తప్పిపోయింది, అక్కడే ఉండిపోయాను. మనసులో ఒక్కటే గుబులు. రేపు ఎవరైనా నడుస్తారా? డాక్టరమ్మ భయపడింది ఇందుకే. నిజం చెప్పి ఆయాసపడే ఒక గుమాస్తాను మళ్ళీ కుర్చీకి అతికించామా?

తెల్లవారి కాలవ గట్టు దగ్గర నిలబడ్డాను. నేతగాడు వచ్చాడు. ఆయన భార్య ఆ రోజు వెనక లేదు. “అంత దూరాన ఎందుకే, రా,” అని పిలిచాడట. మజ్జిగ చెంబు ఇంట్లోనే పెట్టి పక్కన నడుస్తోంది. అద్దకం పనివాళ్ళలో ఒకడు వచ్చాడు, రెండోవాడు రాలేదు. ముసలాళ్ళు ఎవరూ లేరు. నాతో కలిపి, ఊరేగింపు అనడానికి వీల్లేని నలుగురం.

గట్టు మలుపు తిరుగుతుండగా వెనక నుంచి “ఆగండి, ఆగండి,” అని అరుపు. గుమాస్తా. చేతిలో కొబ్బరికాయ లేదు, సంచి లేదు, గొడుగు లేదు. ఆ ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కాసేపు వెనక కట్టుకుని, కాసేపు ఊపుకుంటూ, సిగ్గుపడుతూ వచ్చి మాలో కలిశాడు.

ఎదురుగా గడ్డి బండి మీద వస్తున్న ఒక పొరుగూరి మనిషి బండి ఆపాడు.

“ఇంత పొద్దున్నే అంతా కలిసి ఎక్కడికండీ?”

నేతగాడు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. గుమాస్తా ఆయన కంటే ముందు, కాలవ అవతలి గట్టుకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

“ఎక్కడికీ లేదండీ. ఊరికే.”